వ్యాపార వీడియోలో కథకు పనేమిటి?

1976లో గుజరాత్‌కు చెందిన 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు వేసుకుని ఒక సినిమాకు పెట్టుబడి పెట్టారు. ఆ సినిమా ‘మంథన్’. దర్శకుడు శ్యామ్ బెనెగల్ హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, బొంబాయి యాడ్ ఏజెన్సీల్లో చాలాకాలం పనిచేసిన మనిషి. సహకార డెయిరీల మీద ఆయన అంతకుముందే డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. చెప్పాల్సిన సమాచారమంతా వాటిలో ఉండగా మళ్లీ కథాచిత్రం ఎందుకు కావలసివచ్చిందన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. సినిమా థియేటర్లలో ఆడాక, సహకార డెయిరీ ఉద్యమ నాయకుడు వర్గీస్ కురియన్ మనుషులు దాన్ని ఇతర ప్రాంతాల పల్లెలకు తీసుకెళ్లి చూపించారు. వాళ్ల వెంట ఒక పశువైద్యుడు, పాల పరీక్ష తెలిసిన సాంకేతిక నిపుణుడు, పశుగ్రాసం నిపుణుడు కూడా వెళ్లేవారు. తెర మీద చూసినలాంటి మనుషులే ఎదురుగా నిలబడి మీ ఊళ్లోనూ సంఘం పెట్టుకోవచ్చని చెబుతుంటే పల్లెవాళ్లు ఆసక్తిగా విన్నారు. వ్యాపార అవసరానికి కథను వాడిన తీరుకు మన దేశంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ప్రైవేటు డెయిరీ యజమాని ఎంతంటే అంతకే పాలు పోయాల్సిన గతి ఒకవైపు, పాలు పరీక్షించి నికరమైన ధర ఇచ్చే సంఘం మరోవైపు పెట్టి, సహకార పద్ధతి ఎలా నడుస్తుందో ఆ సినిమా కథలోనే చూపించింది.

ఇప్పుడు ఏ మార్కెటింగ్ శిక్షణ తరగతికి వెళ్లినా, ఏ వీడియో ఏజెన్సీని కదిపినా వినబడే సలహా ఒకటే: సరుకు సంగతి వదిలేయండి, కథ చెప్పండి. ఇందులో సగమే నిజం. కథ మనిషిని ఆపుతుంది, చివరిదాకా కూర్చోబెడుతుంది, విన్నది గుర్తుండేలా చేస్తుంది. దీనికి గట్టి ఆధారాలున్నాయి. సరుకు సంగతి వదిలేయమనే రెండో సగానికి మాత్రం ఆధారం లేదు సరికదా, ఉన్న ఆధారాలు దానికి ఎదురు తిరుగుతాయి. ఫలితమిచ్చిన వీడియోలను వరుసగా పెట్టి చూస్తే వాటిలో కథ ముడిని విప్పేది ఆ సరుకో, ఆ సేవో, ఆ వ్యాపారం పనిచేసే తీరో అయి ఉంటుంది. దాన్ని తీసేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. తీసేసినా కథ హాయిగా నడిచిపోతుంటే అది మంచి లఘుచిత్రం కావచ్చు, వ్యాపార వీడియోగా మాత్రం దండగ. ఈ వ్యాసం వాదన ఇదే. దీన్ని పరిశోధనల మీదా, పేరున్న ప్రకటనల మీదా, ఎదురయ్యే అభ్యంతరాల మీదా పెట్టి చూద్దాం.

ముందుగా కథ అంటే ఏమిటో తేల్చుకోవాలి. మన ఊళ్లలో తయారయ్యే కంపెనీ వీడియోల్లో చాలావాటికి ఒకటే అచ్చు. ఫ్యాక్టరీ మీదుగా డ్రోన్ షాట్, గేటు దగ్గర బోర్డు, చైర్మన్ గారు కుర్చీలో కూర్చుని ఫైలు తిరగేయడం, తెల్ల కోట్లు వేసుకున్న ఉద్యోగులు కంప్యూటర్ వైపు చూపిస్తూ తల ఊపడం, వెనక గంభీరమైన గొంతుతో ‘చిన్నగా మొదలైన మా ప్రస్థానం’ అంటూ వాయిస్ ఓవర్. ఏటేటా ఏం కట్టారో, ఎన్ని బ్రాంచీలు తెరిచారో వరుసగా వస్తాయి. ఇది చరిత్రే కానీ కథ కాదు. ఒక మనిషికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డుపడాలి, అతనో మరొకరో ఒక పని చేయాలి, దాంతో పరిస్థితి మారాలి. ఈ నాలుగూ ఉంటే నలభై సెకన్లలోనైనా కథ అవుతుంది, లేకపోతే అరగంట తీసినా కాదు. కథకు మాటలు కూడా అక్కర్లేదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, తలుపున్న ఒక డబ్బా కదిలే చిన్న యానిమేషన్ తీసి 34 మంది విద్యార్థినులకు చూపించారు. ఏం చూశారో రాయమంటే వాళ్లలో ఒక్కరే దాన్ని ఆకారాల కదలికగా రాశారు. మిగతావాళ్లంతా తరమడం, దాక్కోవడం, బెదిరించడం అంటూ మనుషుల గొడవగా చెప్పారు. కదిలే బొమ్మ కనబడితే ఎవరు, ఎందుకు అని వెతకడం మనసుకు అలవాటు. చైర్మన్ గారి వీడియోకు అందుకే ఆదరణ ఉండదు. అందులో కదలిక ఉంటుంది, ఎవరికి ఏం కావాలో తెలియదు.

జ్ఞాపకం విషయంలో 1969లో గోర్డన్ బోవర్, మైకేల్ క్లార్క్ చేసిన ప్రయోగం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. పొంతన లేని పదేసి మాటల జాబితాలు 12 ఇచ్చి, కొందరిని వాటితో కథలు అల్లుకోమన్నారు, మరికొందరిని మామూలుగా నేర్చుకోమన్నారు. అన్నీ అయ్యాక అడిగితే కథ అల్లినవాళ్లు దాదాపు 93 శాతం మాటలు చెప్పగలిగారు, మిగతావాళ్లు 13 శాతం దగ్గర ఆగిపోయారు. ఈ అంకెను చూపించి ‘కథ చెప్తే గుర్తుంటుంది’ అనేస్తుంటారు. ప్రయోగం చెప్పింది ఇంకాస్త పదునైన విషయం. గుర్తున్నవి కథలో అల్లిన మాటలు. కథ పక్కన విడిగా పెట్టిన మాటకు ఆ లాభం దక్కుతుందని అది చెప్పలేదు. రెండు నిమిషాల కన్నీటి కథ నడిపి చివరి మూడు సెకన్లలో లోగో చూపించే వీడియోకు ఇదే పాఠం. కథ గుర్తుంటుంది, లోగో గుర్తుండదు. ‘ఆ యాడ్ భలే ఉంటుంది, దేనిదో గుర్తులేదు’ అని జనం అనుకునేది ఇలాంటివాటి గురించే.

నమ్మకం విషయంలో 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. కథలో ఎంతగా లీనమైతే పాఠకుడు అందులోని లోపాలను అంత తక్కువగా పట్టుకుంటాడనీ, కథకు అనుగుణంగా అతని అభిప్రాయాలు అంతగా జరుగుతాయనీ వాళ్లు చూపించారు. అది నిజంగా జరిగిందని చెప్పినా, కల్పితమని చెప్పినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ విరాళాల మీద చేసిన ప్రయోగం వ్యాపారులకు మరింత దగ్గరిది. 5 డాలర్లు చేతిలో పెట్టి ఆఫ్రికాలోని ఆకలి గురించి చెప్పారు. రోకియా అనే ఒక్క పాప సంగతి చెప్పినప్పుడు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షల మంది లెక్కలు చెప్పినప్పుడు 1.14 ఇచ్చారు. పాప కథ, లెక్కలు రెండూ కలిపి ఇస్తే మొత్తం పెరగాలి కదా, 1.43కు పడిపోయింది. కథకు అంకెలు తోడైతే కథ బలం తగ్గిందన్నమాట. దీన్ని చూసి అంకెలే వద్దనుకుంటే పొరపాటు. దానం చేసేవాడికి నమ్మకం చాలు, కొనేవాడికి రుజువు కూడా కావాలి. రుజువు కావాలి, కానీ పక్కన చార్టులా నిలబడితే కథను నీరుగారుస్తుంది. రెండూ నెగ్గాలంటే రుజువు కథలోపలి పనిగా మారాలి.

ప్రకటనల రంగం సొంత లెక్కలు ఏమంటాయో చూద్దాం. లెస్ బినెట్, పీటర్ ఫీల్డ్ 2013లో బ్రిటన్ యాడ్ ఏజెన్సీల సంస్థ దగ్గర పోగైన 996 ప్రచారాల వివరాలను విశ్లేషించి, మనసును కదిపే ప్రచారాలు దీర్ఘకాలంలో ఎక్కువ లాభం తెస్తాయనీ, వెంటనే కొనిపించడానికి సూటి సమాచారం బాగా పనిచేస్తుందనీ తేల్చారు. ఖర్చులో సుమారు 60 శాతం పేరు నిలబెట్టడానికి, 40 శాతం తక్షణ అమ్మకాలకు పెట్టమన్న వాళ్ల సూత్రం బాగా ప్రచారమైంది. 2014లో కీత్ క్వెసెన్‌బెరీ, మైకేల్ కూల్సెన్ అమెరికాలోని సూపర్ బౌల్ ప్రకటనలు 108 తీసుకుని, నాటకంలోని అంకాల్లా పూర్తి నిర్మాణం ఉన్నవాటికి ప్రేక్షకులు ఎక్కువ మార్కులు వేశారని చూపించారు. రెండింటినీ జాగ్రత్తగానే వాడుకోవాలి. మొదటిదాంట్లోని ప్రచారాలు అవార్డుల పోటీకి పంపినవి, చతికిలబడినవాటిని ఎవరూ పోటీకి పంపరు. రెండోది కొలిచింది ఇష్టాన్ని, కొనుగోళ్లను కాదు. పైగా కదిలించేదంతా కథ కాదు, మంచి పాట కూడా కదిలిస్తుంది. ఇక్కడి నుంచి తీసుకోదగ్గది ఒకటే: కథ మీద పెట్టే ఖర్చు ఫలితం నెమ్మదిగా వస్తుంది, రేపటి గిరాకీ కోసం దాన్ని తీస్తే నిరాశ తప్పదు.

పేరున్న ప్రకటనలను దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2005 నాటి సర్ఫ్ ఎక్సెల్ ప్రకటనలో అన్నాచెల్లెళ్లు బడి నుంచి ఇంటికి వస్తుంటారు. చెల్లెలు బురదగుంటలో పడి ఏడుస్తుంది. అన్న ఆ బురద మీదికి లంఘించి గుద్దులు గుద్దుతాడు, క్షమాపణ చెప్పమని దాన్నే నిలదీస్తాడు. కాసేపటికి లేచి, బురద సారీ చెప్పిందని చెల్లెలితో అంటాడు. చొక్కా నిండా బురద. తెలుగులో ‘మరక మంచిదే’ అన్న మాట ఇంటింటికీ చేరింది ఈ వరసలోనే. ఇక్కడ సబ్బుపొడి గురించి ఎవరూ ఉపన్యసించలేదు. కానీ మరక లేకపోతే ఈ కథే లేదు, మరక పోతుందన్న ధీమా లేకపోతే అమ్మ మొహంలో నవ్వు లేదు. తెల్లదనం పోటీలు చూపించే పాత పద్ధతిని వదిలేసి, మరక మీద తల్లికుండే చిరాకునే కథ తలకిందులు చేసింది. 2013లో గూగుల్ ఇండియా విడుదల చేసిన ‘రీయూనియన్’ వీడియో దేశ విభజన సమయంలో విడిపోయిన ఇద్దరు స్నేహితులది. ఢిల్లీలోని తాతయ్య చిన్ననాటి కబుర్లు చెబుతుంటాడు: లాహోర్‌లో పాత రాతి గేటున్న పార్కు, గాలిపటాలు, స్నేహితుడు యూసుఫ్, వాళ్ల మిఠాయి దుకాణంలో దొంగిలించి తిన్న ఝజరియా. ఆ మాటలనే మనవరాలు ఒక్కొక్కటిగా వెతుకుతుంది. పార్కు, దాని పక్కన పాత మిఠాయి దుకాణం, ఫోన్ నంబరు, వీసా నిబంధనలు, విమానం వేళ. మూడున్నర నిమిషాల ఆ వీడియో దేశ సరిహద్దుకు ఇవతలా అవతలా జనాన్ని ఏడిపించింది. ఆ కన్నీళ్ల కింద ఉన్నది సెర్చ్ ఇంజిన్ పనితీరు వివరణే. వెతికే ఏ ఒక్క మెట్టు తీసేసినా యూసుఫ్ ఆ గుమ్మంలోకి రాడు. ఇందాక అన్న షరతు, రుజువు కథలోపలి పనిగా మారాలన్నది, ఇక్కడ పూర్తిగా తీరింది.

కథలో నాయకుడెవరన్నది దీనికి ముడిపడిన సంగతే. కంపెనీ యజమానికి తానే నాయకుడిగా కనబడాలని ఉంటుంది, డబ్బు పెట్టేదీ ఆయనే కనుక వీడియో తీసేవాళ్లు కాదనలేరు. ‘మంథన్’ ఇక్కడ కూడా పాఠం చెబుతుంది. ఊరికి వచ్చిన పశువైద్యుడు డాక్టర్ రావు సంఘానికి పునాది వేస్తాడు, కానీ పని పూర్తికాకముందే బదిలీ అయి వెళ్లిపోతాడు. సంఘాన్ని నిలబెట్టుకునే బాధ్యత భోలా లాంటి ఊరివాళ్ల మీద పడుతుంది. చూసే రైతు తనను డాక్టర్‌లో వెతుక్కోడు, భోలాలో వెతుక్కుంటాడు. కొనేవాడి కష్టం నడిపే కథలో అమ్మేవాడిది సాయపడే పాత్ర. ‘రీయూనియన్’లోనూ గూగుల్ ఉద్యోగి ఒక్కడూ కనబడడు.

దీనికి మొదటి గట్టి అభ్యంతరం ఉంది. కథే లేకుండా గెలిచిన వీడియోలు బోలెడు కదా? అమెరికాలో బ్లెండ్‌టెక్ అనే కంపెనీ 2006 నుంచి తన మిక్సీలో గోలీలు, ఫోన్లు వేసి పొడి చేసి చూపించి పేరు తెచ్చుకుంది. 2012లో రేజర్లు అమ్మే డాలర్ షేవ్ క్లబ్ యజమాని గోదాములో నడుస్తూ జోకులేస్తూ చెప్పిన ఒకటిన్నర నిమిషం వీడియోకు సుమారు 4,500 డాలర్లు ఖర్చయింది, రెండు రోజుల్లో 12,000 ఆర్డర్లు వచ్చాయి. మన దగ్గర లలితా జ్యువెలరీ అధినేత కిరణ్ కుమార్ గారు తానే కెమెరా ముందు నిలబడి ‘డబ్బులు ఊరికే రావు’ అంటారు. మా ఎస్టిమేట్ పట్టుకెళ్లి మిగతా షాపులతో పోల్చుకోండి అంటారు. మేడలూ పెళ్లి మండపాలూ చూపించే నగల ప్రకటనల మధ్య ఆ మాట రెండు రాష్ట్రాల్లో సామెతలా పాకింది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చకూడదు. వీటన్నిటినీ బలవంతంగా కథల గాటన కట్టేస్తే కథ అన్న మాటకే అర్థం ఉండదు. ఒప్పుకోవాల్సిందేమిటంటే, కొనేవాడి మనసులో ప్రశ్న ముందే సిద్ధంగా ఉన్నప్పుడు కథ అక్కర్లేదు, జవాబు చాలు. తరుగు, మజూరీ పేరుతో ఎంత లాగుతున్నారోనన్న అనుమానం బంగారం కొనే ప్రతి ఇంట్లోనూ ఉంది, ఆయన నేరుగా దానికే సమాధానం చెప్పారు. ఆ ప్రశ్న ఇంకా పుట్టనప్పుడు, లేదా ఉన్నా మనిషి దాన్ని సమస్యగా గుర్తించనప్పుడు కథ అవసరమవుతుంది. మరక మంచిదేనని ఏ తల్లీ ముందే అనుకుని ఉండదు. అందువల్ల ఈ ఉదాహరణలు వాదనను పడగొట్టవు, దాని హద్దు చూపిస్తాయి. రెండు దారుల్లోనూ సరుకు చేసే పని కళ్లముందు ఉండాలన్న నియమం మాత్రం అలాగే ఉంది.

రెండో అభ్యంతరం సమయం గురించి. యూట్యూబ్‌లో 5 సెకన్లు గడిస్తే స్కిప్ బటన్ వస్తుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం తర్వాత రీల్స్, షార్ట్స్ వచ్చి వేలితో పైకి తోసేసే అలవాటు ఇంకా పెరిగింది. ఈ తొందరలో కథకు చోటేదీ అని అడుగుతారు. చోటు తగ్గింది నిజమే, తగ్గింది ఉపోద్ఘాతానికి. సూర్యోదయం, కంపెనీ పేరు, నెమ్మదిగా మొదలయ్యే సంగీతం ఇప్పుడు చెల్లవు. కథ కష్టం దగ్గరే మొదలవ్వాలి. 2015లో అమెరికన్ బీమా సంస్థ గైకో ఈ ఇరుకునే ఆటగా మార్చింది. భోజనాల బల్ల దగ్గర ఒక కుటుంబం బీమా మీద మిగిలిన డబ్బు గురించి ఒక్క మాట అనుకుని కదలకుండా నిలిచిపోతుంది. ప్రకటన అయిపోయింది, ఇక స్కిప్ చేయలేరని గొంతు చెబుతుంది. ఆ తర్వాత పెంపుడు కుక్క ఒక్కటే బల్లెక్కి అందరి పళ్లేలూ ఖాళీ చేస్తుంటే, మనుషులు ఎంతసేపు బిగుసుకుని ఉంటారోనని చూస్తూ ఉండిపోతాం. చెప్పాల్సిన మాట మొదటి 5 సెకన్లలోనే అయిపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే ఫెవికాల్ బస్సు ప్రకటన ఉంది. ఎడారి దారిలో టాపు మీదా, పక్కలకూ జనం వేలాడుతున్న బస్సు ఎన్ని కుదుపులకు లోనైనా ఒక్కరూ జారిపడరు. బస్సు వెనక ఫెవికాల్ బోర్డు కనబడుతుంది. మాట లేదు, పాత్రకు పేరు లేదు, పడిపోతారేమోనన్న భయం మాత్రం ఉంది. ఆ భయాన్ని తీర్చేది సరుకే.

మూడో అభ్యంతరం నైతికమైనది, మిగతావాటికంటే బరువైనది. లీనమైన మనిషి లోపాలు పట్టుకోలేడని పరిశోధనే చెబుతున్నప్పుడు, వ్యాపారి చేతికి కథ ఇవ్వడం మోసానికి లైసెన్సు ఇవ్వడం కాదా? మోకాళ్ల నొప్పి తగ్గిందని కన్నీళ్లతో చెప్పే పెద్దాయన అద్దె నటుడైతే? ఈ ప్రమాదం ఊహ కాదు. అందుకే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సరుకును మెచ్చుకునే వ్యక్తి మాటలు అతని నిజమైన అభిప్రాయమై, తగిన అనుభవం మీద ఆధారపడాలని 2022 జూన్ నాటి మార్గదర్శకాలు అంటున్నాయి. చట్టం అటుంచితే, 1994లో మరియాన్ ఫ్రీస్టాడ్, పీటర్ రైట్ చెప్పినట్టు జనానికి అమ్మకపు ఎత్తుల గురించి సొంత అవగాహన ఉంటుంది, అనుభవంతో అది ముదురుతుంది. వీడు నన్ను ఏడిపించి అమ్ముతున్నాడని తట్టిన క్షణం కథ తిరగబడుతుంది. సరుకు పనితో అల్లుకున్న కథకు ఇక్కడ ఒక రక్షణ ఉంది. దాన్ని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. వెతికితే దుకాణం నంబరు దొరుకుతుందా లేదా అన్నది చూసినవాడు అదే నిమిషంలో తేల్చుకోగలడు. పరీక్షకు నిలిచే కథ మోసానికి పనికిరాదు.

ఇదంతా కోట్లు ఖర్చుపెట్టే కంపెనీల సంగతి, మా పచ్చళ్ల కుటీర పరిశ్రమకూ విత్తనాల దుకాణానికీ ఏం ఒరుగుతుందని చిన్న వ్యాపారి అడగడం సహజం. అతనికి ధైర్యమిచ్చే ఆధారం వ్యవసాయం నుంచే వచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో 2006లో మొదలై, తర్వాత విడి సంస్థగా మారి, ఆంధ్రప్రదేశ్‌లో కూడా పనిచేసిన డిజిటల్ గ్రీన్, రైతుల చేతే సాగు పద్ధతుల వీడియోలు తీయించి ఊళ్లలో చూపించేది. కర్ణాటకలో 16 గ్రామాల్లో 13 నెలలు నడిపిన ప్రయోగంలో, మామూలు వ్యవసాయ విస్తరణ పద్ధతితో పోలిస్తే కొత్త పద్ధతులను అనుసరించడం ఏడు రెట్లు పెరిగిందని తేలింది. ఖరీదైన కెమెరాలు లేవు, నటులు లేరు. చూసిన రైతులు ముందుగా అడిగేది ఆ రైతు పేరేమిటి, ఏ ఊరు అని. అక్కడే నమ్మకం పుట్టింది. ఎక్కడో స్టూడియోలో తీసిన అందమైన బొమ్మకంటే, మనలాంటి నేల, మనలాంటి పెట్టుబడి ఉన్న మనిషి తన చేలో చేసి చూపిన పని ఎక్కువ చెప్పింది. ఊళ్లో ఒకరు ఆగి ప్రశ్నలకు జవాబిచ్చే ఏర్పాటు కూడా ఉండేది. ఆ ఏడు రెట్లలో దానికీ వాటా ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ లక్షల మందికి చేరడంలోనూ ఊరి మాట, ఊరి మనుషులే పెట్టుబడి. చిన్న వ్యాపారికి దొరికే నిజమైన కొనుగోలుదారు, నిజమైన చోటు, నిజమైన ఇబ్బంది పెద్ద కంపెనీలు డబ్బిచ్చి తయారు చేసుకోవాల్సినవి.

కనుక వీడియో తీయించే ముందు వ్యాపారి తేల్చుకోవాల్సినవి కెమెరా గురించీ సంగీతం గురించీ కావు. కొనేవాడికి ఉన్న ఇబ్బంది ఏది, అది అతనికి ఇప్పటికే తెలుసా, మన సరుకు దాన్ని ఏ పనితో తీరుస్తుంది, ఆ పని కంటికి కనబడేలా ఎక్కడ జరుగుతుంది అన్నవి తేలాలి. ఇబ్బంది అతనికి ముందే తెలిసి ఉంటే సూటిగా జవాబు చెప్పే వీడియో చాలు, చవక కూడా. తెలియకపోతే కథ కావాలి, ఓపిక కూడా కావాలి. ఫలితం కొలిచేటప్పుడు ఎందరు చూశారన్నది చాలదు. చూసినవాళ్లను వారం తర్వాత అడిగితే కథతోపాటు సరుకు పేరూ, అది చేసిన పనీ చెప్పగలుగుతున్నారా అన్నది చూడాలి. స్క్రిప్టు చేతికి వచ్చినప్పుడు కంపెనీ పేరు కొట్టేసి పోటీ కంపెనీ పేరు రాసి చదవండి. తేడా తెలియకపోతే దాన్ని వెనక్కి పంపండి. ఈ పరీక్షలో ఎక్కువ స్క్రిప్టులు తప్పుతాయి, అప్పుడు నింద కథకుడి మీదికే పోనక్కర్లేదు. కొన్నిసార్లు ఆ వ్యాపారం మిగతావాళ్లకంటే భిన్నంగా చేస్తున్న పనంటూ ఏదీ ఉండదు. ఆ లోటును ఏ కథా పూడ్చలేదు. అలాంటప్పుడు వీడియో బడ్జెట్‌ను సరుకు మెరుగుపరచడానికి మళ్లించడమే లాభం.